ముందు తెర, ఆ తర్వాతే కెమెరా

షార్ట్ ఫిల్మ్ తీయాలనుకునే కుర్రాడు కాగితం మీద వేసుకునే మొదటి లెక్కలో కెమెరా అద్దె ఉంటుంది, యూనిట్ భోజనాలుంటాయి, ఎడిటింగ్, డబ్బింగ్ ఖర్చులుంటాయి. తీశాక ఎవరికి, ఎక్కడ, ఎలా చూపించాలన్న పద్దు మాత్రం చాలామంది లెక్కల్లో కనపడదు. తెలుగు సినిమా పితామహుడని పేరుపడ్డ రఘుపతి వెంకయ్య నాయుడు సరిగ్గా ఆ పద్దుతోనే మొదలుపెట్టాడు. మచిలీపట్నంలో పుట్టి, మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుకుంటున్న ఆయన 1910 ప్రాంతంలో ఆ స్టూడియోను కుదువబెట్టి, దాదాపు 30 వేల రూపాయలు కూడగట్టి క్రోనోమెగాఫోన్ కొన్నాడు. గ్రామఫోన్ రికార్డును బొమ్మతో కలిపి ఆడించే ప్రదర్శన యంత్రమది. దాంతో సినిమా తీయడం కుదరదు. ఆ రోజుల్లో సినిమా అంటేనే కొద్ది నిమిషాల పొట్టి చిత్రం. వాటిని విక్టోరియా పబ్లిక్ హాల్లో ఆడించి, ఆంధ్ర పట్టణాలూ బెంగళూరూ తిరిగి, సిలోన్, బర్మా దాకా వెళ్లొచ్చాడు. ఆ తర్వాత మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టాడు. కొడుకు ప్రకాష్ 'భీష్మప్రతిజ్ఞ' తీసింది 1921లో. అంటే ముందు తెర, తర్వాత హాలు, ఆఖరున కెమెరా. వందేళ్లకు పైబడిన మన పొట్టి చిత్రాల చరిత్రను తిరగేస్తే ఈ వరసే సరైనదని తేలుతుంది. చూసేవాళ్లు ఎక్కడ ఖాయంగా ఉన్నారో అక్కడికే డబ్బు నడిచింది. డబ్బు ముందు వచ్చి, చూసేవాళ్లను తర్వాత వెతుక్కున్న చోట సినిమాలు డబ్బాల్లోనే మిగిలాయి.

ఈ సంగతి అందరికంటే బాగా ఎరిగింది ప్రభుత్వమే. రెండో ప్రపంచ యుద్ధం నాడు బ్రిటిష్ సర్కారు ప్రచార చిత్రాలు తీయించగలిగింది గానీ, వాటికోసం టికెట్టు కొనుక్కుని వచ్చేవాడెవడు? అందుకని 1943లో భారత రక్షణ నిబంధనల కింద, తాము ఆమోదించిన ఫిల్మును 2,000 అడుగుల మేర ప్రతి ఆటలోనూ వేసి తీరాలని థియేటర్లను ఆదేశించింది. అంటే సుమారు 22 నిమిషాల బొమ్మ. స్వాతంత్ర్యం వచ్చాక సర్కారు మారినా ఈ ఏర్పాటు మళ్లీ వచ్చింది. 1948లో ప్రభుత్వ చిత్ర నిర్మాణ విభాగంగా ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడింది. వార్తా చిత్రమో, డాక్యుమెంటరీయో వెయ్యాలన్న షరతు థియేటర్ లైసెన్సులోకే ఎక్కింది. పైగా ఆ చిత్రానికి అద్దె కింద థియేటర్ వాళ్లే వసూళ్లలో ఒక శాతం దాకా కట్టాల్సి ఉండేది. దీనిపై యజమానులు కోర్టుకెక్కితే, 1999లో సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షానే తీర్పు చెప్పింది. తెలుగుతో సహా ఎన్నో భాషల్లో వ్యాఖ్యానం చెప్పించుకుంటూ, 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్ఎఫ్‌డీసీ)లో విలీనం చేసేనాటికి ఫిల్మ్స్ డివిజన్ 8,000కు పైగా చిత్రాలు తీసింది. ఆ సంఖ్యకు మూలం స్టూడియోల్లో లేదు, దేశంలోని ప్రతి థియేటర్ తెర మీదా ఉన్న హక్కులో ఉంది.

ఇక్కడో అభ్యంతరం వస్తుంది. ఆ రోజుల్లో అసలు అడ్డంకి ముడి ఫిల్ము ధరే కదా, తెర సంగతి ఆనక చూసుకోవచ్చు కదా అని. ధర భారమే, కాదనలేం. 16 ఎం.ఎం.లో 400 అడుగుల చుట్ట 11 నిమిషాలకు అయిపోతుంది. పది నిమిషాల సినిమాకు ఒక్కో షాటు మూడుసార్లు తీసినా మూడు చుట్టలు కావాలి. ఆపైన ల్యాబులో కడిగించడం, ఎడిటింగు కోసం రష్ ప్రింటు, విడిగా మాగ్నెటిక్ టేపు మీద శబ్దం, నెగటివ్ కటింగు, చివరికి బొమ్మా శబ్దమూ కలిసిన ప్రింటు. రెండో ఊళ్లో చూపించాలంటే రెండో ప్రింటు తీయించాలి. ముడి ఫిల్ము విదేశాల నుంచి రావాలి, దానికి లైసెన్సు కావాలి. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఉత్పత్తి 1960ల చివర్లో గానీ మొదలు కాలేదు. అయినా ఈ ఖర్చులన్నీ ఎవరు భరించారో చూడండి. 1950ల్లో డాక్యుమెంటరీలు తీయించిన బర్మా షెల్ చమురు కంపెనీకి తన పేరు జనంలోకి వెళ్లడం కావాలి. 1964లో సత్యజిత్ రాయ్ మాటల్లేని చిన్న చిత్రం 'టూ' తీశారంటే, అమెరికన్ టెలివిజన్‌లో దానికి చోటు ముందే ఖాయమైంది, ఆ ఖర్చు ఎస్సో కంపెనీ పెట్టుకుంది. మరోవైపు పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో విద్యార్థుల డిప్లొమా చిత్రాలకు ఫిల్మూ, పరికరాలూ సంస్థే ఇచ్చేది. డబ్బు బెంగ లేకుండా తయారైన ఆ చిత్రాల్లో ఎన్నింటిని బయటి జనం చూడగలిగారు? కొన్ని ఉత్సవాలకు వెళ్లాయి, చాలావాటికి ఇన్‌స్టిట్యూట్ గోడలే సరిహద్దులయ్యాయి. ముడి ఫిల్ము ధర ఒక్కటే అడ్డంకి అయితే, అది తొలగిన చోట ఈ కథ మరోలా ఉండాల్సింది.

దీనికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. తెర చేతిలో ఉంటే చాలనుకుంటే, దేశంలో అన్ని తెరలూ చేతిలో ఉన్న ఫిల్మ్స్ డివిజన్‌ను జనం ఎందుకు నెత్తిన పెట్టుకోలేదు? నిజమే. న్యూస్ రీలు పడుతుంటే బయట సిగరెట్టు ముగించుకుని, అసలు బొమ్మ పేర్లు పడేవేళకు లోపలికి రావడం ప్రేక్షకుడికి అలవాటైపోయింది. ఆ రీళ్లలో మంచి పనే లేదా అంటే ఉంది. 1967లో ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి తీసిన 'ఐ యామ్ 20', ఆ మరుసటి ఏడాది ప్రమోద్ పతి తీసిన 'ఎక్స్‌ప్లోరర్' లాంటివాటిని ఇప్పటి సినిమా విద్యార్థులు ఇంటర్నెట్‌లో వెతుక్కుని మరీ చూస్తున్నారు. కాబట్టి నా వాదనకు ఒక సవరణ అవసరం. తెర అంటే గోడ మీద వెలుగు పడే గుడ్డ మాత్రమే అనుకోకూడదు. ఆ చిత్రం కోసమే ఇష్టపడి వచ్చిన మనుషులు కూడా తెరలో భాగమే. లైసెన్సు షరతు గుడ్డను సంపాదించి పెట్టింది, మనుషుల్ని సంపాదించలేకపోయింది. చూసేవాడు తప్పించుకు తిరుగుతున్నా డబ్బు ఆగకుండా వస్తుంటే, తీసేవాడికి చూసేవాడి మీద ధ్యాస తగ్గడం సహజం. తీసేవాళ్లకూ ఈ బలవంతపు తెర పూర్తిగా దక్కలేదు. 2004లో ఫిల్మ్స్ డివిజన్ నడిపే ముంబై డాక్యుమెంటరీ ఉత్సవం భారతీయ చిత్రాలకు సెన్సార్ సర్టిఫికెట్ కావాలంటే, స్వతంత్ర దర్శకులు ఎదురుతిరిగి 'వికల్ప్' పేరుతో సొంత ప్రదర్శనలు పెట్టుకున్నారు. తెర దొరకనివాళ్లు ఆఖరికి తెరే కట్టుకున్నారు.

అలా సొంత తెర కట్టుకున్నవాళ్లకు డబ్బెలా పుట్టిందో తెలుసుకోవాలంటే, పొట్టి చిత్రాల హద్దు దాటి రెండు పూర్తి నిడివి సినిమాలను చూడాలి. 1976లో శ్యామ్ బెనెగల్ 'మంథన్'కు గుజరాత్ పాల సహకార సంఘాల్లోని 5 లక్షల మంది రైతులు తలా 2 రూపాయలు వేసుకున్నారు. అలా 10 లక్షలు పోగయ్యాయి. సినిమా విడుదలయ్యాక ఆ రైతులే లారీలెక్కి, తమ సినిమా చూసుకోవడానికి పట్టణాలకు వచ్చారు. 2 రూపాయలిచ్చినవాడే మొదటి ప్రేక్షకుడు. కేరళలో దర్శకుడు జాన్ అబ్రహాం, ఆయన మిత్రులు ఒడెస్సా కలెక్టివ్ పెట్టి, ఊరూరా తిరిగి సినిమాలు చూపిస్తూ జనం దగ్గర చిల్లర పోగుచేసి 1986లో 'అమ్మ అరియాన్' తీశారు. తీశాక మళ్లీ 16 ఎం.ఎం. ప్రొజెక్టరుతో అదే జనం దగ్గరికి వెళ్లారు. ఈ రెండింటిలోనూ చందా వసూలూ టికెట్ అమ్మకమూ ఒకే పని అయిపోయాయి. పాల సంఘం అనే పెద్ద వ్యవస్థ వెనకుంది కాబట్టి 'మంథన్'కు సాధ్యమైందనొచ్చు. అదీ నిజమే. అయితే ఆ వ్యవస్థ ఇచ్చిన విలువైన వస్తువు 10 లక్షలు కాదు, 5 లక్షల మంది.

2008లో కానన్ 5డి మార్క్ 2 వచ్చాక తెలుగునాట తీసే ఖర్చు ఒక్కసారిగా కూలిపోయింది. ఫొటోలు తీసే ఆ కెమెరా ఫుల్ హెచ్‌డీ వీడియో తీసేది. 2011లో రామ్ గోపాల్ వర్మ దాంతో ఐదు రోజుల్లో 'దొంగల ముఠా' చుట్టేశాడు, మరుసటి ఏడాది మారుతి 'ఈ రోజుల్లో' తీశాడు. హైదరాబాద్‌లో కృష్ణానగర్, అమీర్‌పేట గదుల్లో అవకాశాల కోసం చూస్తున్నవాళ్లకు దారి దొరికినట్టయింది. రోజు అద్దెకు కెమెరా, ఒక 50 ఎం.ఎం. లెన్సు, వెలుగు మళ్లించడానికి థర్మాకోల్ షీటు, లొకేషన్‌కు స్నేహితుడి ఇల్లూ దాని డాబా, రోడ్డు రొదలో పోయిన మాటల్ని తర్వాత పూడ్చుకోవడానికి డబ్బింగు. ఆ కెమెరాలో ఒక క్లిప్పు 12 నిమిషాలకే ఆగిపోయినా, మూడు నిమిషాల షాటు తీసేవాడికి అదేం లోటు కాదు. తెర సంగతి యూట్యూబు చూసుకుంటుందని అందరూ అనుకున్నారు. 2010 జులై దాకా అక్కడ 10 నిమిషాలు మించిన వీడియో ఎక్కించడం మామూలు ఖాతాకు కుదిరేది కాదు, పార్ట్ వన్, పార్ట్ టూ అని ముక్కలు చేసుకునేవారు. ఆ హద్దు పోయాక పొట్టి చిత్రాలు వరదలా వచ్చిపడ్డాయి.

తెర ఉచితంగా దొరికాక ఇంకా తెర గురించి గొడవెందుకని ఇప్పటివాళ్లు అడగొచ్చు. ఉచితమైంది గుడ్డ ఒక్కటే, మనుషుల్ని ఇప్పటికీ సంపాదించుకోవాలి. 2018లో యూట్యూబ్ 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉంటేనే ప్రకటనల ఆదాయంలో వాటా అన్నప్పుడు, ఏడాదికో చిత్రం తీసే దర్శకుడు ఆ గీత కిందే మిగిలిపోయాడు. రోజూ ఏదో ఒకటి ఎక్కించే చానెళ్లు కొత్త థియేటర్ యజమానులయ్యాయి. దాంతో పొట్టి చిత్రం తన కాళ్ల మీద తాను నిలబడక, పెద్ద సినిమాకు దరఖాస్తుగా మారింది. సుజీత్ 2014లో 'రన్ రాజా రన్'తో, తరుణ్ భాస్కర్ 2016లో 'పెళ్లిచూపులు'తో, సందీప్ రాజ్ 2020లో 'కలర్ ఫొటో'తో అలా గట్టెక్కినవాళ్లే. పరిశ్రమకు ఇంతమంది దొరికారుగా, ఇంకేం నష్టమని అడిగితే, దరఖాస్తు ఆమోదం పొందని వందలమంది చిత్రాలకు విలువ కట్టే చోటే లేకుండా పోవడం నష్టం కాదా? వెలుగు ఒకచోట పడింది. 'మధురం' లాంటి షార్ట్ ఫిల్ములతో అభిమానుల్ని సంపాదించుకున్న ఫణీంద్ర నర్సెట్టి, 2018లో వచ్చిన 'మను' కోసం ఫేస్‌బుక్‌లో అడిగితే వందమందికి పైగా కలిసి దాదాపు కోటి రూపాయలు ఇచ్చారు. పేరుమోసిన హీరో లేడు, పెద్ద బ్యానరు లేదు. ముందే కూడిన ప్రేక్షకులున్నారు, వాళ్లే నిర్మాతలయ్యారు.

ఈ చరిత్ర నుంచి తేలే పని ఒక్కటే: డబ్బును తీయడం వైపు నుంచి చూపించడం వైపు కొంత జరపాలి. హైదరాబాద్ రవీంద్రభారతిలో పైడి జైరాజ్ థియేటర్‌లో శనివారాలు కొత్తవాళ్ల చిత్రాలు వేసే 'సినివారం', బంజారాహిల్స్‌లో లామకాన్ లాంటి వేదికలు ఆ దిశగా వేసిన అడుగులే. అయితే అవన్నీ ఒకే నగరంలో ఉన్నాయి. కర్నూలులోనో ఖమ్మంలోనో శ్రీకాకుళంలోనో షార్ట్ ఫిల్ము తీసినవాడికి సొంత ఊళ్లో నలుగురి మధ్య కూర్చుని తన సినిమా చూసుకునే చోటు లేదు. పాతకాలపు నిర్బంధాన్ని మళ్లీ తెమ్మని ఎవరూ అడగక్కర్లేదు. జిల్లా గ్రంథాలయంలో, కాలేజీ సెమినార్ హాల్లో నెలకో సాయంత్రం, చిన్న టికెట్టు, వచ్చిన సొమ్ములో సగం దర్శకుడికి, ఆట తర్వాత అతనితో మాటామంతీ. ప్రొజెక్టరు ఇప్పుడు చాలా కాలేజీల్లో ఉంది. పదిమంది దర్శకులకు తలో లక్ష పంచే పథకం పెడితే పది సినిమాలు తయారై ఆగిపోతాయి. అదే పది లక్షలతో పది ఊళ్లలో ఇలాంటి సాయంత్రాలను ఏడాది పొడవునా నడిపితే, పదకొండో సినిమాకు ఎవరి గ్రాంటూ అక్కర్లేకుండా డబ్బు పెట్టే మనుషులు తయారవుతారు.