రాజు వెనక నడిచినవాళ్లు

మాకవరపాలెంలో ఎవరినడిగినా అల్లూరి సీతారామరాజు గురించి చెబుతారు. నర్సీపట్నం మీదుగా కృష్ణదేవిపేట వెళ్లి ఆయన సమాధి చూడనివాళ్లు మా వైపు తక్కువ. ఆయన వెంట పోరాడినవాళ్ల పేర్లు అడిగితే మాత్రం గంటందొర, మల్లుదొర దగ్గర ఆగిపోతాం. ఇది నన్ను చాలాకాలంగా బాధిస్తున్న విషయం.

వాళ్లంతా ఒకే కష్టంతో వచ్చినవాళ్లు కారు. గాం గంటందొర బట్టిపనుకుల ముఠాదారీ పోగొట్టుకున్నవాడు, అంటే ఒకప్పుడు సర్కారు తరఫున శిస్తు వసూలు చేసిన మనిషే. ఆయనతో నడిచిన మామూలు గిరిజనుల గోడు వేరు. అడవి చట్టాలు పోడు కొట్టుకోనివ్వలేదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వాళ్లను ఘాట్ రోడ్డు పనికి తోలుకుపోయి, కూలి సరిగా ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. ముఠాదారూ కూలీ ఒకే దండులో నిలబడటం నాకు ఈ పితూరీలో, అంటే తిరుగుబాటులో, అన్నిటికంటే పెద్ద విశేషంగా తోస్తుంది. అగ్గిరాజుగా పేరుపడ్డ వేగిరాజు సత్యనారాయణరాజు అసలు మన్యం మనిషే కాదు, పల్లం నుంచి వచ్చిన క్షత్రియుడు. వీరయ్యదొర అప్పటికే పోలీసుల చెరలో ఉన్నాడు. రాజవొమ్మంగి స్టేషను మీద పడ్డప్పుడు అతన్ని విడిపించి తమతో తీసుకుపోయారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు కొట్టి 26 తుపాకులు తెచ్చుకున్నారు. తీసుకున్నవన్నీ రాసి రాజు సంతకం పెట్టి వచ్చాడు. మిగతావాళ్ల చేతుల్లో ఉన్నవి విల్లంబులే. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో మాటు వేసినప్పుడు ముందు నడిచిన మనదేశపు పోలీసులను పోనిచ్చి, తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చారు. పొదల్లో ఊపిరి బిగబట్టి కూర్చున్నవాళ్లు అంత నిబ్బరంగా ఆజ్ఞ పాటించారంటే, వాళ్లను దోపిడీ మూక అన్న సర్కారు మాట నేనెలా నమ్మను?

1924 మే 7న రాజును చంపేశారు. జూన్‌లో గంటందొర నేలకొరిగాడు. బోనంగి పండు పడాల్‌ను అండమాన్ పంపారు. 1923లోనే దొరికిపోయిన మల్లుదొరకు ఉరిశిక్ష పడి, తర్వాత ద్వీపాంతరవాసంగా మారింది. ఆ మనిషే 1952లో విశాఖపట్నం నుంచి స్వతంత్రుడిగా తొలి లోక్‌సభకు గెలిచాడు.

జూలై 4న, రాజు జయంతికి, మా బడి పిల్లలు ఆయన వేషం కడతారు. ఈ ఏడాది ఆయన దండులోని గోకిరి ఎర్రేసు, కంకిపాటి ఎండు పడాల్ పేర్లు కూడా వాళ్లకు నేర్పమని మాస్టార్లను అడుగుతున్నాను.