అన్నా మే వాంగ్

అన్నా మే వాంగ్ (జనవరి 3, 1905 - ఫిబ్రవరి 3, 1961) ప్రసిద్ధ అమెరికన్ చలనచిత్ర నటి. హాలీవుడ్‌లో తారగా వెలుగొంది, ప్రపంచఖ్యాతి గడించిన చైనా సంతతి నటీమణులలో ఈమె మొట్టమొదటిది. మూకీ చిత్రాలు, టాకీలు, రంగస్థలం, రేడియో, టెలివిజన్ - ఈ అన్ని రంగాలలోనూ ఈమె నటించింది. అమెరికాలోనే పుట్టి పెరిగినప్పటికీ, ఆనాటి జాతివివక్ష కారణంగా స్వదేశపు చిత్రాలలో ఈమెకు కథానాయిక పాత్రలు అరుదుగా మాత్రమే లభించాయి.

బాల్యం, కుటుంబం

ఈమె కాలిఫోర్నియా రాష్ట్రంలోని లాస్ ఏంజిల్స్ నగరంలో జన్మించింది. అసలు పేరు వాంగ్ లియు సాంగ్. లియు సాంగ్ అనగా చైనా భాషలో "విల్లో చెట్టుపై పేరుకొన్న మంచు" అని అర్థం. తండ్రి వాంగ్ సామ్ సింగ్ నగరంలో లాండ్రీ నడిపేవాడు. తల్లి పేరు లీ గాన్ టాయ్. తల్లిదండ్రులిద్దరూ కాలిఫోర్నియాలోనే పుట్టినవారు. మొదట చేరిన పాఠశాలలో తోటి పిల్లలు జాతిపేరిట ఎగతాళి చేయడంతో, తల్లిదండ్రులు ఆమెను చైనా పిల్లల కొరకు క్రైస్తవ మిషనరీలు నడిపే పాఠశాలకు మార్చారు.

ఆ రోజులలో చిత్ర నిర్మాతలు లాస్ ఏంజిల్స్ చైనాటౌన్ వీధులలో తరచుగా చిత్రీకరణలు జరిపేవారు. బాలిక అన్నా బడి ఎగ్గొట్టి వాటిని చూడటానికి వెళ్ళేది. మధ్యాహ్న భోజనానికిచ్చిన డబ్బులు సినిమా టిక్కెట్లకు ఖర్చయ్యేవి. తన తెరపేరును కూడా ఆమె బాల్యంలోనే నిర్ణయించుకొంది.

సినీరంగ ప్రవేశం

1919లో విడుదలైన "ది రెడ్ లాంటర్న్" చిత్రంలో లాంతరు పట్టుకొని నడిచే అనేకమంది యువతులలో ఒకరుగా ఈమె మొదటిసారి తెరపై కనిపించింది. 1921లో చదువు మానివేసి పూర్తిగా నటనకే అంకితమయింది. 1922లో, 17 ఏళ్ళ వయసులో, "ది టోల్ ఆఫ్ ది సీ" అనే మూకీ చిత్రంలో కథానాయికగా నటించింది. తొలినాటి రెండు రంగుల టెక్నికలర్ పద్ధతిలో తీసిన చిత్రమిది. అమెరికా భర్త విడిచిపోగా, కన్నబిడ్డను అతని రెండవ భార్యకు అప్పగించి సముద్రంలో ప్రాణం విడిచే చైనా యువతి పాత్ర ఆమెది. విమర్శకులు ఈ నటనను మెచ్చుకొన్నారు.

1924లో డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ నిర్మించి నటించిన "ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్" చిత్రంలో మంగోల్ దాసి పాత్ర ఆమెకు అంతర్జాతీయ గుర్తింపు తెచ్చింది. అయితే ఆ తరువాత వచ్చిన పాత్రలు ఎక్కువగా రెండే రకాలు: కుట్రలు పన్నే దుష్టస్త్రీ, లేదా ప్రేమ కొరకు ప్రాణత్యాగం చేసే అమాయకురాలు.

ఐరోపాలో

ఈ పరిస్థితితో విసిగి 1928లో ఆమె ఐరోపాకు వెళ్ళింది. జర్మనీలో రిచర్డ్ ఐక్‌బెర్గ్ దర్శకత్వంలో "సాంగ్" చిత్రంలోను, ఇంగ్లండులో ఇ.ఎ. డ్యూపాంట్ దర్శకత్వంలో "పికడిలీ" (1929) చిత్రంలోను నటించింది. పికడిలీలో ఆమె పాత్ర లండన్ క్లబ్బు వంటగదిలో పాత్రలు కడిగే స్థితి నుండి నర్తకిగా పైకి వచ్చే షోషో అనే యువతి. ఇది ఆమె చివరి మూకీ చిత్రం. 1929లోనే లండన్‌లో "ది సర్కిల్ ఆఫ్ చాక్" నాటకంలో లారెన్స్ ఒలివియర్‌తో కలసి నటించింది. అమెరికన్ ఉచ్చారణ బాగులేదని అక్కడి విమర్శకులు ఎత్తిచూపగా, శిక్షకుని నియమించుకొని మార్చుకొంది. జర్మన్, ఫ్రెంచి భాషలు నేర్చుకొని, తన తొలి టాకీ "ది ఫ్లేమ్ ఆఫ్ లవ్" (1930) మూడు భాషలలో తయారైనప్పుడు మూడింటిలోనూ స్వయంగా నటించింది.

తిరిగి హాలీవుడ్

1931లో పారమౌంట్ సంస్థ నిర్మించిన "డాటర్ ఆఫ్ ది డ్రాగన్"లో ఆమెది ప్రధాన పాత్రే. అయినా పారితోషికం 6,000 డాలర్లు. అదే చిత్రంలో కొద్దిసేపు మాత్రమే కనిపించే చైనీయుని పాత్ర ధరించిన వార్నర్ ఓలాండ్ అనే స్వీడిష్ జాతీయునికి 12,000 డాలర్లు ముట్టాయి. 1932లో జోసెఫ్ వాన్ స్టెర్న్‌బెర్గ్ దర్శకత్వం వహించిన "షాంఘై ఎక్స్‌ప్రెస్"లో మార్లీన్ డీట్రిచ్‌తో కలసి నటించింది. ఆమె పాత్రలలో బాగా గుర్తుండిపోయినవాటిలో ఇది ఒకటి.

"ది గుడ్ ఎర్త్" వివాదం

పెర్ల్ బక్ వ్రాసిన "ది గుడ్ ఎర్త్" నవల ఒక చైనా రైతు కుటుంబపు కథ. ఎం.జి.ఎం. సంస్థ దీనిని చిత్రంగా తీయ సంకల్పించినప్పుడు, రైతు భార్య ఓలాన్ పాత్ర తనకు దక్కాలని అన్నా మే వాంగ్ ఎంతో ఆశించింది. కాని రైతు పాత్రకు పాల్ మునీ అనే తెల్లజాతి నటుని ఎంపిక చేశారు. వేర్వేరు జాతుల స్త్రీపురుషుల మధ్య ప్రేమను తెరపై చూపరాదని ఆనాడు స్టూడియోలు నియమంగా పాటించేవి. చైనా వేషం వేసినా మునీ తెల్లవాడే గనుక, అతని సరసన చైనా సంతతి నటి భార్యగా నటించరాదు. ఆ విధంగా ఓలాన్ పాత్ర జర్మనీలో పుట్టిన లూయిజ్ రైనర్‌కు దక్కింది. వాంగ్‌ను రైతు ఉంపుడుగత్తె లోటస్ పాత్రకు పరిశీలించారు. చైనీయుల కథలో చెడ్డపాత్ర ఒక్కటే తనకు ఇవ్వజూపడం సమ్మతం కాక ఆమె నిరాకరించింది. 1937లో విడుదలైన ఈ చిత్రానికి రైనర్ ఉత్తమనటిగా ఆస్కార్ పురస్కారం అందుకొంది.

చైనా యాత్ర

1936లో ఆమె మొదటిసారిగా చైనా వెళ్ళింది. ఆనాటి చైనీయుల బహిష్కరణ చట్టం (1882-1943) వలన, అమెరికా పౌరురాలై ఉండి కూడా, తిరిగి రావడానికి అనుమతి పత్రాలు ముందుగానే సంపాదించుకోవలసి వచ్చేది. చైనాలో తైషాన్ సమీపంలోని పూర్వీకుల గ్రామాన్ని దర్శించింది, మాండరిన్ భాష నేర్చుకొంది. ఆమె పాత్రలు చైనా గౌరవాన్ని తగ్గించేవని అక్కడి పత్రికలు విమర్శించాయి. ఇక్కడ చైనీయురాలని, అక్కడ అమెరికావాసి అని రెండు చోట్లా ఆమె పరాయిదే అయింది.

తరువాతి కాలం

తిరిగి వచ్చిన తరువాత నటించిన "డాటర్ ఆఫ్ షాంఘై" (1937)లో ఆమెకు సదభిప్రాయం కలిగించే ప్రధాన పాత్ర దొరికింది. తండ్రిని చంపిన ముఠాను పట్టించే యువతి పాత్ర అది. సరసన కొరియా సంతతి నటుడు ఫిలిప్ ఆన్ నటించడం వలన, ఇద్దరూ చివరకు ఒకటి కావడానికి నియమం అడ్డు రాలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో "బాంబ్స్ ఓవర్ బర్మా", "లేడీ ఫ్రమ్ చుంకింగ్" (1942) చిత్రాల పారితోషికాన్ని చైనా సహాయనిధికి విరాళమిచ్చింది. 1951లో "ది గాలరీ ఆఫ్ మేడమ్ లియు-సాంగ్" ధారావాహికలో నటించింది. ఆసియా సంతతి వ్యక్తి ప్రధాన పాత్రధారిగా అమెరికాలో వచ్చిన మొదటి టెలివిజన్ ధారావాహిక ఇదే. దీని ప్రతులేవీ నేడు లభ్యం కావడం లేదు.

ఆమె వివాహం చేసుకోలేదు. కాలిఫోర్నియాలో తెల్లవారికి, ఆసియావారికి మధ్య వివాహాలపై నిషేధం 1948 వరకు ఉండేది.

మరణం, గుర్తింపు

1960లో హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరిట నక్షత్రం వెలిసింది. "ఫ్లవర్ డ్రమ్ సాంగ్" చిత్రంలో నటించవలసి ఉండగా, 1961 ఫిబ్రవరి 3న శాంటా మోనికాలో గుండెపోటుతో మరణించింది. అప్పటికి ఆమె వయసు 56 సంవత్సరాలు. "డాటర్ ఆఫ్ షాంఘై" 2006లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేరింది. 2022లో అమెరికా టంకశాల ఆమె ముఖచిత్రంతో 25 సెంట్ల నాణెం విడుదల చేసింది. అమెరికా నాణెంపై కనిపించిన తొలి ఆసియా సంతతి అమెరికన్ ఈమెయే.

ముఖ్యమైన చిత్రాలు

- ది టోల్ ఆఫ్ ది సీ (1922)
- ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్ (1924)
- పీటర్ పాన్ (1924)
- పికడిలీ (1929)
- డాటర్ ఆఫ్ ది డ్రాగన్ (1931)
- షాంఘై ఎక్స్‌ప్రెస్ (1932)
- డాటర్ ఆఫ్ షాంఘై (1937)
- కింగ్ ఆఫ్ చైనాటౌన్ (1939)
- లేడీ ఫ్రమ్ చుంకింగ్ (1942)
- పోర్ట్రెయిట్ ఇన్ బ్లాక్ (1960)