ఏబట్స్‌ఫర్డ్ భవనము – స్కాట్ ఋణము

చేతికి రాని డబ్బును ముందుగానే ఖర్చుపెట్టే వ్యసనము లోకజ్ఞానము లేనివారికే అంటుకొంటుందని సాధారణముగా తలుస్తాము. సర్ వాల్టర్ స్కాట్ లోకజ్ఞానము లేనివాడు కాడు. ఆయన న్యాయవాది. 1799లో సెల్కర్క్ మండలమునకు షెరీఫ్ పదవిని, 1806లో ఎడింబరో ఉన్నత న్యాయస్థానమున క్లార్కు పదవిని పొందినాడు. ఇతరుల అప్పులు, ఆస్తి తగాదాలు ఆయన బల్లమీదుగా నడిచేవి. అట్టివాడు తన యింటి లెక్క తాను చూచుకొనలేకపోయినాడు.

చిలకమర్తి లక్ష్మీనరసింహంగారిని “ఆంధ్ర స్కాట్” అని పిలుచుకొన్నాము గనుక ఆ పేరు తెలుగువారికి కొత్తది కాదు. ఆయన నవలలను గూర్చి చాలమంది చెప్పినారు. ఆ నవలల రాబడి ఎటు పోయినదో చెప్పినవారు తక్కువ.

1811లో స్కాట్ ట్వీడ్ నది ఒడ్డున సుమారు 110 ఎకరాల బీద పొలమును 4,000 పౌనులకు కొన్నాడు. అందులో సగము అన్నగారి వద్ద తెచ్చిన అప్పు. తక్కిన సగము “రోక్‌బీ” అనే కావ్యము మీద తెచ్చిన బయానా. ఆ కావ్యము అప్పటికి ఇంకా వ్రాయనేలేదు! ఆ పొలమునకు ఏబట్స్‌ఫర్డ్ అని పేరు పెట్టినాడు. పక్క పొలము కనబడితే అదీ కావలెను. ఈ బలహీనతను పొరుగువారు పసికట్టి ధర పెంచేవారు. ఆయన బేరమాడక ఇచ్చేవాడు. 1825 నాటికి అది సుమారు 1,400 ఎకరాల జమీ అయినది. పాత ఇంటి స్థానమున 1824 నాటికి కోటవంటి భవనము లేచినది. అందులో వేల గ్రంథములు, పాత కవచములు, కత్తులు, రాబ్‌రాయ్ తుపాకి, కొత్తగా వచ్చిన గ్యాసుదీపములు! అతిథులకు లెక్కలేదు.

ఆయన జూదరి కాడు, విలాసపురుషుడు కాడు. అందుచేతనే తనకొక వ్యసనమున్నదని ఆయనకు తోచలేదేమో. ప్రతి కొనుగోలుకు గౌరవప్రదమైన కారణమొకటి ఉండేది. చెట్లు నాటుట మంచిపని. పుస్తకములు కవికి పనిముట్లు. భూమి బిడ్డల కొరకు. 1820లో బారొనెట్ బిరుదము వచ్చిన తరువాత ఒక వంశమును స్థాపించవలెననే కోరిక మరింత గట్టిపడినది.

ఇంత డబ్బు ఎక్కడిది? బాలంటైన్ సోదరుల ముద్రణాలయమున ఆయన రహస్య భాగస్వామి. ఆ ముద్రణాలయము, ప్రచురణకర్త కాన్‌స్టేబుల్ ఒకరి పేర ఒకరు హుండీలు వ్రాసుకొని, వాటిని బ్యాంకులో మార్చి, గడువు వచ్చినప్పుడు కొత్త హుండీలతో పాతవి తీర్చేవారు. బయటకు అది వ్యాపారము. లోపల వట్టి కాగితము. ఒక దశలో పేరైనా పెట్టని నాలుగు నవలలకు కాన్‌స్టేబుల్ ముందుగానే హుండీలిచ్చినాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత మనకున్నది. ఇక్కడ కొడుకుకు పేరు కూడ లేదు, కట్నము మాత్రము ముట్టినది.

1825 నవంబరులో స్కాట్ దినచర్య వ్రాయుట ప్రారంభించినాడు. ఆ మొదటి పుటలలోనే తనకు తాను నియమములు విధించుకొన్నాడు: ఇక కట్టడములు వద్దు, కాలము కుదుటపడేవరకు భూమి కొనరాదు, పుస్తకములు, చిల్లర వస్తువులు వద్దు, ఆ యేటి రాబడితో బాకీలు తీర్చవలెను. మంచి నియమములే. కాని ఎనిమిది వారములు తిరుగకముందే, 1826 జనవరి 16న, లండనులోని హర్‌స్ట్ రాబిన్‌సన్ కంపెనీ హుండీ చెల్లక తిరిగివచ్చినదను వార్త వచ్చినది. దానితో కాన్‌స్టేబుల్, ఆయనతో బాలంటైన్, వారితో స్కాట్ కూలినారు. ఆయన నెత్తిన పడిన బాకీ సుమారు 1,20,000 పౌనులు.

దివాలా ప్రకటించి బయటపడుటకు మార్గమున్నది. ఆయన అందుకు ఒప్పుకొనలేదు. పేరు చెప్పని ఒకరు 30,000 పౌనులు ఇస్తామన్నారు. ఆయన కుమార్తెలకు వీణవంటి హార్ప్ వాద్యము నేర్పిన గురువు తాను కూడబెట్టుకొన్న ఐదారువందల పౌనులు ఇవ్వజూపినాడు. స్కాట్ రెండింటినీ తీసుకొనలేదు. ఆస్తిని, ఇకముందు వ్రాయబోవు గ్రంథముల రాబడిని ధర్మకర్తలకు వ్రాసియిచ్చి, ఉద్యోగముల జీతముతో బ్రతుకుటకు అంగీకరించినాడు.

చరిత్రకారులు ఆయన పట్టుదలను పొగడుతారు. నాకు ఈ ఏర్పాటే ఎక్కువ గమనింపదగినదిగా తోచుచున్నది. నవంబరులో చేసికొన్న నియమములకు కావలి లేదు. హుండీ వ్రాసే చేయి ఆయనదే. జనవరి తరువాత గ్రంథముల సొమ్ము ఆయన చేతికి రాకయే అప్పులవారికి పోయేది. ఎడింబరోలోని సొంత ఇల్లు అమ్ముడుపోయినది. కోర్టు పనికి వచ్చినపుడు అద్దెగదిలో దిగేవాడు. పాతికేండ్లు దర్జాగా కోచిబండి తోలిన పీటర్ నాగలి పట్టినాడు. ఇంటి పెద్దనౌకరు తక్కువ జీతమునకు మునుపటికంటె ఎక్కువ చాకిరి చేసినాడు. యజమాని చేసిన ఖర్చుకు వీరు కూడ వంతు చెల్లించినారని మరువరాదు.

ఆ మే నెలలో భార్య మరణించినది. ఆయన వ్రాయుట మానలేదు. తొమ్మిది సంపుటముల నెపోలియన్ చరిత్ర 1827లో వెలువడి 18,000 పౌనులు తెచ్చినది. రెండేండ్లలో అప్పులవారికి సుమారు 40,000 పౌనులు ముట్టినవి. 1830లో పక్షవాతము తగిలినది. ఆ డిసెంబరులో అప్పులవారు సమావేశమై, ఆయన గ్రంథములను, గృహోపకరణములను ఆయనకే కానుకగా తిరిగి యిచ్చినారు. చివరి రోజులలో మతి సడలి, అప్పులన్నీ తీరినవని ఆయన నమ్మినాడు. మిత్రులు కాదనలేదు. 1832 సెప్టెంబరు 21న కన్నుమూసినాడు.

తప్పెవరిదన్న తగాదా తరువాత లేచినది. అల్లుడు లాక్‌హార్ట్ తాను వ్రాసిన జీవితచరిత్రలో బాలంటైన్ సోదరులను నిందించినాడు. వారి పక్షమువారు 1838లో లెక్కలు ముందుంచి ఖండించినారు. పొలము మీది మోజు బాలంటైనులది కాదుగదా!

మిగిలిన బాకీ జీవితభీమా సొమ్ముతో కొంత, ప్రచురణకర్త కాడెల్ పెట్టుబడితో కొంత తగ్గి, గ్రంథస్వామ్యములు కాడెల్‌కు పోగా 1847లో పూర్తిగా తీరినది. ఆ యేడు ఫిబ్రవరిలోనే, దక్షిణ భారతమున సైనికోద్యోగము చేసి స్వదేశమునకు మరలిపోవుచున్న పెద్దకుమారుడు దారిలో ఓడమీద మరణించినాడు. అతనికి సంతానము లేదు. బారొనెట్ బిరుదము అతనితోనే ఆగిపోయినది.