గ్యాసు కొట్టు విద్య

నిన్నమొన్నటి పొలములు ప్లాట్లయి, ప్లాట్లు మేడలయిన హైదరాబాదు శివారు అల్మాస్‌గూడ వీథులలో, వేసవి ముదిరిన కొలదియు ఇల్లాండ్ర నోట వినవచ్చు మాట యొకటే: "ఫ్రిజ్ చల్లబడుట లేదు, గ్యాసు కొట్టించవలెను." కొత్తది కొట్టుటకు ముందు పాతది ఎచటికి పోయెనని అడుగువారు అరుదు.

ఈ ఫ్రిజ్ యంత్రము మన నగరమునకు పరాయిది కాదు. 1942లో స్థాపితమైన హైదరాబాదు ఆల్విన్ సంస్థ సనత్‌నగరమున చేసిన ఫ్రిజ్‌లు, అల్లిక గుడ్డ కప్పుకొని, నెత్తిన పూలకూజా మోయుచు, ఎన్నో మధ్యతరగతి ఇండ్ల హాలులలో కొలువుదీరెను. ఆ కాలపు పెట్టెలలో చల్లదనమునకై ప్రవహించినది ఆర్-12 అను సి.ఎఫ్.సి. వాయువు. అది మంటనంటదు, విషము గాదు. ఇంత సాధువగుటచేతనే దానిని చిరకాలము ఎవరును శంకింపలేదు. అందలి క్లోరిను ఆకాశమెక్కి ఓజోను పొరను హరించునని 1974లో శాస్త్రజ్ఞులు మొలీనా, రోలండులు హెచ్చరించిరి. 1987 సెప్టెంబరు 16న అట్టి వాయువులను అరికట్టుటకు మాంట్రియల్ ఒప్పందము కుదిరెను. 1992లో భారతదేశము అందు చేరెను. 2000లో ఆ వాయువులపై మన దేశపు నియమావళి వెలువడెను. సి.ఎఫ్.సి.లను మానుటకు 2010 జనవరి 1 గడువయ్యెను.

కర్మాగారమునకు ఒక ఆజ్ఞ చాలును. ఇంటింటి పాత పెట్టె మాట వేరు, దాని ఆయువు మెకానిక్ చేతిలోనిది. స్పానరు అందించు కుర్రవాడుగా చేరి, ఉస్తాదును చూచి నేర్చిన విద్య అతనిది. గొట్టము కత్తిరించినంతనే బుస్సుమని వాయువు వెలువడి కిటికీ దాటిపోవుచుండెను. గొట్టములోని మురికిని సైతము అదే వాయువుతో ఊదివేయుచుండిరి. సి.ఎఫ్.సి.ల నిర్మూలనకై దేశమంతట జరిగిన శిక్షణలలో చెప్పినది ఈ అలవాటును మాన్పు సంగతియే: పాత వాయువును సిలిండరులోనికి పట్టవలెను, నైట్రోజనుతో లీకు చూడవలెను, పంపుతో వ్యాక్యూమ్ చేయవలెను, కొత్తదానిని తూచి నింపవలెను. తూకము చిన్న సంగతి కాదు. నేటి ఫ్రిజ్‌లలోని ఆర్-600ఎ మంటనంటు వాయువు, ఆర్-12 పట్టినచోట దానిలో సగమునకు లోపే చాలును. చేతి వాటమున కొట్టినవాడు యంత్రమును చెరచును, తానును కాలును.

అయినను నేరమంతయు మెకానిక్ నెత్తిన రుద్దుట న్యాయము గాదు. పంపు ఆడినంతసేపు గడియారము చూచి, "ఇంత ఆలస్యమేల, ఇంత కూలి యేల" అని బేరమాడినది మనమే.

పాత ఏసీలలో ఓజోనుకు చేటుచేయు ఆర్-22 వాయువు ఇంకను ఉన్నది; సర్వీసింగునకు కొంత మినహాయించి, దానిని మానుటకు 2030 గడువు. ఈ వేసవిలో గ్యాసు కొట్టించునపుడు, పాతదానిని పట్టుటకు సిలిండరు తెచ్చినాడో లేదో ఒక్కమారు అడుగుడు, తెచ్చినవానికి ఆ కూలి ఇండు.