నూటికి ఐదు: కర్నూలు-కడప కాలవ కథ

ప్రభుత్వమూ, ప్రైవేటు పెట్టుబడీ చేయి కలిపితేనే వెనుకబడిన దేశంలో రోడ్లూ, రేవులూ, కాలవలూ లేస్తాయని యీనాడు కొత్త శాస్త్రంలాగా మనకు బోధిస్తున్నారు. యీ శాస్త్రం మన గడ్డమీద నూట అరవై ఏళ్ల క్రితమే అమలు జరిగింది. దానికి సాక్ష్యం సుంకేసుల దగ్గర తుంగభద్రనుంచి బయలుదేరి కడపదాకా నేటికీ పారుతున్నది.

గోదావరి ఆనకట్ట (1852), కృష్ణ ఆనకట్ట (1855) ప్రభుత్వధనంతో లేచినవి. అవి లాభించాయి. ఆ లాభం చూసి లండనులో డబ్బున్నవారికి నోరూరింది. 1858లో మద్రాసు ఇరిగేషను కంపెనీ పుట్టింది. దానికి అండగా నిలిచినవాడు మరెవరో కాదు, ఆర్థర్ కాటన్. గోదావరి జిల్లాల్లో ఆయన పటానికి దండవేసేవారికి యీ మాట కాస్త చేదుగా వుండవచ్చు. ఆయన ఆశయాన్ని శంకించ పనిలేదు. నీరు వస్తే కరువు పోతుందని నిజంగానే నమ్మినవాడు. చూడవలసింది ఆశయం కాదు, వొప్పందం.

10 లక్షల పౌన్ల మూలధనంమీద నూటికి 5 చొప్పున వడ్డీకి ప్రభుత్వం పూచీపడింది. కాలవ పారినా పారకపోయినా, రైతు నీరు పెట్టుకొన్నా మానినా వాటాదారుకు 5 ముట్టవలసిందే. అది వచ్చేది ఇండియా ఖజానానుంచి. ఖజానాకు పెద్ద ఆదాయం భూమిశిస్తు. అంటే జొన్నచేను దున్నుకొనే మెట్టరైతు తనకు తెలియకుండానే, తానెన్నడూ చూడని లండను పెద్దమనిషికి జామీను నిలిచాడన్నమాట.

రైల్వేలకు 1849నుంచీ యిదే ఏర్పాటు. భారత ప్రభుత్వంలో ఆర్థికసభ్యుడుగా పనిచేసిన విలియం మాసీ 1872లో పార్లమెంటు విచారణసంఘం ముందు దాచకుండానే చెప్పాడు: ఆ హామీ వున్నంతకాలం తన సొమ్ము హుగ్లీ నదిలో పోసినా, ఇటుకా సున్నమూ చేసినా ఆంగ్ల పెట్టుబడిదారుకు ఒకటేనట. యిది ఏ జాతీయవాది చేసిన నిందో కాదు. లెక్కలు చూసిన దొర నోటిమాట.

మన కాలవా ఆ దారినే నడిచింది. 10 లక్షలూ చాలలేదు. 1866లో ప్రభుత్వంనుంచే మరో 6 లక్షల పౌన్ల అప్పు కావలసివచ్చింది. తవ్వకం 1871కి గాని ముగియలేదు. పడవలూ నడవాలి, పంటలూ పండాలి అని రెండుపనులకు గీసిన కాలవ అది. హంద్రిని దాటించి, మిట్టకందాల దగ్గర గట్టును కోసి, తుంగభద్ర నీటిని పెన్న లోయలోకి దింపిన పనితనం చిన్నది కాదు. కాని నంద్యాల నల్లరేగడిలో జొన్న, పత్తి వేసుకొనేవాడు వానతోనే గట్టెక్కేవాడు. మంచి ఏట నీటితీరువ కట్టి తన నేలను చవుడు చేసుకోవడం అతనికెందుకు? దీన్ని రైతు మూర్ఖత్వమని దొరలు రాసుకొన్నారు. అతని పొలం స్వభావం ముందుగా అడిగి తెలుసుకోవలసిన అవసరం మాత్రం కంపెనీకి కలగలేదు. నష్టం వచ్చేదైతే అడిగేవారే!

తరవాత 1876-78 కరువు. కాలవ వొడ్డున నీటికి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. కాలవ అందని మెట్టపల్లెలు మాడిపోయాయి. 1871కీ 1881కీ మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగోవంతు తరిగిపోయింది. ఆ సంవత్సరాలలోనూ హామీ ఆగలేదు.

హామీ లేకపోతే కంపెనీలు బాగుపడేవా? అదీ లేదు. ఒరిస్సాలో హామీ లేకుండా దిగిన కాలవ కంపెనీ డబ్బు చాలక చతికిలబడితే, 1868-69లో దాన్నీ ప్రభుత్వమే కొన్నది. లాభం వస్తుందో రాదో తెలియని చోటికి పెట్టుబడి పూచీ లేకుండా రాదు. పూచీతో వస్తే దానికి పని పట్టదు. యీనాటి వొప్పందపత్రాలలో కనీసరాబడి హామీ అనే షరతు కనబడినప్పుడల్లా, ఆ కనీసం ఎవరి జేబునుంచి వస్తున్నదో వెతకాలి.

1882లో వాటాదారులకు సొమ్ము చెల్లించి కాలవను ప్రభుత్వం కొనుక్కొన్నది. ఆ సొమ్మూ శిస్తుసొమ్మే.