దిమాగ్‌కి దెబ్బ, ఖూన్‌కి పరేషానీ

తలకు గట్టి దెబ్బ తగిలినవాళ్లను దవాఖానాకు తీసుకుపోతే డాక్టర్లు స్కానింగ్‌తో పాటు ఖూన్ టెస్టులూ రాస్తారు. కాసేపటికి ప్లాస్మా కావాలంటారు, ప్లేట్‌లెట్లు కావాలంటారు. పైకి చుక్క ఖూన్ కారలేదు కదా, ఇవన్నీ ఎందుకని ఇంటివాళ్లు హైరానా పడతారు. ఈ సవాల్‌కి జవాబ్ దొరకడానికి శతాబ్దాలు పట్టింది.

వెయ్యేళ్ల కింద అందలూస్‌లో, ఖుర్తుబా దగ్గర అబుల్ ఖాసిం అల్ జహ్రావీ అనే గొప్ప హకీం ఉండేవారు. ఆయన రాసిన 'అల్ తస్రీఫ్' 30 భాగాల కితాబు. ఆఖరి భాగమంతా జర్రాహీ గురించే. పుర్రె పగిలితే ఏం చేయాలో అందులో ఉంది. అదే కితాబులో మరోచోట ఒక ఊరి మగవాళ్ల సంగతి రాశారు. చిన్న జఖం అయినా వాళ్లకు ఖూన్ ఆగేది కాదు, ప్రాణం పోయేది. ఇవాళ హిమోఫిలియా అంటున్న బీమారీకి అది చాలా పాత గవాహీ. పగిలిన తల ఒకచోట, ఆగని ఖూన్ ఒకచోట. ఆ రెంటికీ రిష్తా ఉందని తెలిసేది చాలా కాలం తర్వాత.

1834లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త ద బ్లాంవిల్ జంతువుల రక్తనాళాల్లోకి మెదడు గుజ్జు ఎక్కించి చూశాడు. లోపలి ఖూన్ గడ్డకట్టి అవి అక్కడికక్కడే చచ్చిపోయాయి. అంటే ఖూన్‌ను గడ్డకట్టించే తాఖత్ దిమాగ్‌లోనే ఉంది. ఆ పదార్థాన్ని ఇప్పుడు టిష్యూ ఫ్యాక్టర్ అంటున్నారు. 1935లో అమెరికాలో ఆర్మండ్ క్విక్ దీన్నే పనికి వాడుకున్నాడు. కుందేలు మెదడు నుంచి తీసిన పదార్థం కలిపి, ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో కొలిచే టెస్టు తయారుచేశాడు. ల్యాబ్ రిపోర్టులో కనిపించే 'పీటీ' అదే. గుండె వాల్వు మార్పించుకున్నవాళ్లకు ఈ పేరు బాగా తెలుసు.

ల్యాబుల్లో ఈ పని ఏళ్ల తరబడి నడిచింది. గాయపడ్డ మనిషి దిమాగ్ కూడా అతని ఒంట్లో ఇదే పని చేస్తుందని అమెరికా డాక్టర్ స్కాట్ గుడ్‌నైట్, ఆయన సాథీలు మరీజుల ఖూన్ పరీక్షించి 1974లో రాశారు. మెదడు కణజాలం నలిగిపోయినవాళ్లలో ఖూన్‌ను గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ తగ్గిపోయి కనిపించింది. బ్లాంవిల్ నుంచి లెక్కేస్తే 140 ఏళ్లు!

జరిగేది ఇదీ. నలిగిన మెదడు నుంచి టిష్యూ ఫ్యాక్టర్ ఖూన్‌లోకి వస్తుంది. అవసరం లేనిచోటా సన్నని గడ్డలు కడతాయి. వాటికోసం ఫైబ్రినోజెన్, ప్లేట్‌లెట్లు ఖర్చయిపోతాయి. తీరా జఖం దగ్గర గడ్డ కట్టాల్సి వచ్చేసరికి సామాన్ ఉండదు. పుర్రె లోపల ఖూన్ కారుతూనే ఉంటుంది. ఇదొక్కటే కారణం కాదు. కట్టిన గడ్డలు తొందరగా కరిగిపోవడం, ప్లేట్‌లెట్లు సరిగా పనిచేయకపోవడం కూడా ఉంటాయి. డాక్టర్లు ప్లాస్మా, ప్లేట్‌లెట్లు అడిగేది అందుకే.

గడ్డ కరిగిపోకుండా ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్‌ను 1960ల మొదట్లో జపాన్‌లో ఉతాకో ఒకమోతో, ఆమె షౌహర్ షోసుకే కనిపెట్టారు. కాన్పులో ఖూన్ పోయి చనిపోయే తల్లులను కాపాడాలని ఆమె తపన. తల దెబ్బలకు అది పనికొస్తుందా అని 29 దేశాల్లో 12 వేలమందికి పైగా మరీజుల మీద చూసిన క్రాష్-3 నతీజా 2019లో వచ్చింది. దెబ్బ తగిలిన 3 గంటల లోపల ఇస్తే, మరీ తీవ్రం కాని గాయాలున్నవాళ్లలో తల దెబ్బతో పోయే ప్రాణాలు తగ్గాయి. బాగా తీవ్రమైన గాయాల్లో అంత ఫాయిదా కనబడలేదు. అక్కడ తలాష్ ఇంకా నడుస్తోంది.

ఇల్మ్ పుట్టడం ఒకటి, అది మరీజు మంచం దాకా చేరడం ఇంకొకటి. ఆ దూరంలో మన వంతూ కొంత ఉంది. తలకు దెబ్బ తగిలితే "బయట ఖూన్ లేదు, ఫికర్ లేదు" అని ఇంట్లో పడుకోబెట్టొద్దు. నానా, నానీ, అబ్బా ఎవరైనా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడుతుంటే డాక్టర్‌కి ఆ మాట ముందు చెప్పాలి, దవా చీటీ వెంట తీసుకుపోవాలి. ప్లాస్మా అడిగితే బహస్‌కి దిగకుండా బ్లడ్ బ్యాంకుకి మనిషిని పంపాలి. బండి తీసే ప్రతి కొడుక్కీ, బిడ్డకీ హెల్మెట్ పెట్టించాలి. ఈ బీమారీకి అంతకన్నా సస్తా ఇలాజ్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.