నీరు పారెను గాని చదువు పారలేదు



కడియములోను, కడియపులంకలోను మొక్కల మడులను నీవు చూచియుందువు. ఒక వరుసకు నీరు పోసి ప్రక్క వరుసను ఎండగట్టు తోటమాలిని ఏ యజమానుడును ఒక్క దినమైనను ఉంచుకొనడు. అయితే మన పిల్లల చదువు విషయములో అట్టి తోటపనియే బహుకాలము జరిగినది. ఆ సంగతి మనము ఎరిగియుండుట మేలు.

ధవళేశ్వరము మనకు దగ్గరనే యున్నది. అక్కడ కాటన్ దొరగారు 1847లో ఆనకట్ట పని ఆరంభించి 1852లో ముగించిరి. కాలువ నీరు ఇది ఎవరి చేనని అడుగక పారెను. చదువు మాత్రము అట్లు పారలేదు. బడులు గుళ్లయొద్దను, సత్రములయొద్దను, పై కులముల వీధులలోను ఉండెను. మాల మాదిగల బిడ్డలు అక్కడ అడుగుపెట్టుటయే తప్పుగా ఎంచబడెను.

మిషనులు వచ్చిన పిమ్మట అంతయు చక్కబడెనని తలంచుచున్నావా? నిజము చెప్పుకొందము. 1836లో ఇంగ్లండు దేశమునుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అనువారు వచ్చి గోదావరి డెల్టాలో సువార్త పని స్థాపించిరి. బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టువాడు. 1843లో మచిలీపట్నములో రాబర్టు నోబుల్ గారు గొప్ప పాఠశాల తెరచిరి. ఆయన భక్తిపరుడు, వివాహమాడక తన ఆయుస్సంతయు ఆ పనికే ధారపోసి 1865లో మృతిపొందెను. అయినను పై కులములవారిని ముందు చేరుకొనవలెనని యెంచి, అంటరానివారనబడిన వారి పిల్లలను తన బడిలో చేర్చుకొనలేదు. చెప్పులు కుట్టిన చేతులతో ఒక దొర వాక్యము తెచ్చెను. ఆ కాలముననే చెప్పులు కుట్టువాని బిడ్డ ఆ మిషను బడి గడప దాటలేకపోయెను. మిషను బడులన్నియు అట్టివి కావు. అయినను ఈ తప్పు పరులది కాదు, మన యింటిదే.

ఆడుబిడ్డల సంగతి చూడుము. 1874లో కందుకూరి వీరేశలింగము గారు ధవళేశ్వరములో బాలికల పాఠశాల పెట్టినప్పుడు అది వింతగా నుండెను. 1890లో ఆగ్నెసు షాడే అను కుమారి లూథరను మిషను పక్షమున రాజమహేంద్రవరము వచ్చి స్త్రీల మధ్యను బాలికల మధ్యను పనిచేసెను. 1893లో చెన్నపట్నపు ప్రభుత్వము పంచముల విద్యకొరకు ప్రత్యేకమైన ఉత్తర్వు చేసెను. పేటలోని ఆడుపిల్లకు రెండు తలుపులు మూయబడియుండెను: ఒకటి కులము, రెండవది ఆడుజన్మము.

మనకు మిషనరీలను పంపిన అమెరికాలో సయితము నల్లవారి పిల్లలకు బడులు వేరుగా నుండెను. అది ధర్మవిరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు 1954లో తీర్పు చెప్పెను. మన రాజ్యాంగము 1950లో అంటరానితనమును రద్దుచేసెను. అయితే ఆ యేటి రాష్ట్రపతి ఉత్తర్వు, క్రైస్తవుడైన దళితుని షెడ్యూల్డు కులముల జాబితాకు వెలుపల ఉంచెను. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అట్టివారిని వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా చేర్చి నూటికి ఒక పాలు ఇచ్చెను. 1977లో 341వ నంబరు జీవో వలన మరికొన్ని సదుపాయములు కలిగెను. బాప్తిస్మము పొందినందున పేట మారలేదు, పేదరికము మారలేదు. జాబితా మాత్రము మారెను. ఈ అన్యాయమును గూర్చి మన సంఘములు న్యాయముగా మొరపెట్టుచున్నవి.

మొరపెట్టు నోటితోనే మన యింటిని గూర్చియు అడుగుకొందము. కొడుకునకు ఫీజు కట్టుటకు అప్పు చేయు తండ్రీ, కూతురు పదియవ తరగతి ముగించగానే సంబంధము వెదకుచున్నావా? సంఘపెద్దలారా, మాలలకొక గుడి, మాదిగలకొక గుడి అను మాట మన పల్లెలలో ఇంకను వినబడుట లేదా?

దేవుని యెదుట ఎవడును నిషిద్ధుడు కాడని పేతురు కొర్నేలి యింటికి వెళ్లి నేర్చుకొనెను. అపొస్తలునికే ఆ పాఠము అవసరమైనయెడల మనకు మరింత అవసరము. ఈ ఆదివారము గుడినుండి వెళ్లునప్పుడు నీ వీధిలో బడి మానిన ఒక్క ఆడుబిడ్డ యింటి ముందు ఆగుము. ఎందుకు మానెనో అడుగుము. ఆమె తిరిగి బడికి వెళ్లువరకు ఆ యింటిని విడువకుము.